చూడని చంద్రుణ్ణి ఎలా గీశాడు?

మీరు రోజూ చూసే సైకిలు బొమ్మను, సైకిలు ఎదురుగా లేకుండా, ఒక కాగితం మీద గీయండి చూద్దాం. రెండు చక్రాలు, సీటు, హ్యాండిలు - అంతవరకూ చేయి ఆగకుండా సాగుతుంది. ఆ తరువాతే చిక్కు. పెడళ్లు ఎక్కడ ఉంటాయి? చైను ఏ చక్రానికి ఉంటుంది? ఫ్రేములో గొట్టాలు ఎన్ని?

ఒకసారి మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పరీక్ష పెట్టాను. కొందరు చైనును రెండు చక్రాలకూ చుట్టారు. ఒక కుర్రవాడు ముందు చక్రం ఇరుసు నుంచి వెనుక చక్రం ఇరుసు దాకా ఒకే గొట్టం వేశాడు. "అలా బిగిస్తే హ్యాండిలు ఎలా తిరుగుతుందిరా?" అని అడిగాను. వాడు బొమ్మ వంక కాసేపు చూసి, "తిరగదు సార్" అన్నాడు. వాడు రోజూ పక్క ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ బడికి వచ్చేవాడు!

రోజూ తొక్కే సైకిలు సంగతే ఇలా ఉంటే, ఎన్నడూ చూడని దేశాన్ని గీయాలంటే ఎలా? మనిషి అడుగు పెట్టని చంద్రుణ్ణి గీయాలంటే ఎలా? బెల్జియం దేశపు బొమ్మల కథల చిత్రకారుడు ఎర్జే ఈ రెండు పనులూ చేశాడు. మొదటి పని చాలా చెడ్డగా చేశాడు. రెండో పని ఎంత బాగా చేశాడంటే, ఆ పుస్తకాన్ని భౌతికశాస్త్రం పాఠం చెప్పేటప్పుడు నేను ఇప్పటికీ వాడుకుంటాను. ఈ రెండింటి మధ్య ఆయనకు ఏం జరిగిందో తెలుసుకుందాం.

వారం వారం రెండు పేజీలు

ఆయన అసలు పేరు జార్జ్ రెమీ. 1907 మే 22న బ్రస్సెల్స్ నగరంలోని ఎటర్‌బేక్‌లో పుట్టాడు. ఇంటిపేరు మొదటి అక్షరాన్నీ, సొంత పేరు మొదటి అక్షరాన్నీ తారుమారు చేసి ఫ్రెంచి పద్ధతిలో పలికితే 'ఎర్ - జే' అవుతుంది. అదే ఆయన కలం పేరు. చిన్నతనంలో స్కౌటుగా ఉండి, స్కౌట్ల పత్రికకు బొమ్మలు వేసేవాడు. తరువాత ఒక దినపత్రికలో ఉద్యోగంలో చేరాడు. ఆ పత్రిక ప్రతి గురువారం పిల్లల కోసం ఒక అనుబంధం వేసేది. 1929 జనవరి 10న అందులో టిన్‌టిన్ అనే కుర్ర విలేఖరి, అతని తెల్లకుక్క స్నోయీ మొదటిసారి కనిపించారు. అప్పటికి ఎర్జేకు 21 ఏళ్లు.

మూకీ సినిమాలంటే ఆయనకు చాలా ఇష్టం. పరుగులు, పడిపోవడాలు, మాట లేకుండానే నవ్వించే తీరు అక్కడ నేర్చుకున్నాడు. అమెరికా పత్రికల్లో జార్జ్ మెక్‌మేనస్ గీసే హాస్య చిత్రాలను చూసి, మాటలను బుడగలో పెట్టి పాత్ర నోటి దగ్గర ఉంచే పద్ధతిని అలవరచుకున్నాడు. కథ మాత్రం ముందుగా అనుకునేవాడు కాదు. ఈ వారం నాయకుణ్ణి ఆపదలో పడేయడం, వచ్చే వారం ఎలాగో గట్టెక్కించడం - అంతే!

విషయం తెలుసుకోవడానికి తీరిక ఎక్కడిది? టిన్‌టిన్‌ను మొదట రష్యాకు పంపాడు. దానికి ఆధారం ఒకే ఒక్క పుస్తకం. తరువాత, 1930-31లో, కాంగోకు పంపాడు. ఆఫ్రికాలోని కాంగో అప్పుడు బెల్జియం వలస రాజ్యం. ఎర్జే అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు. చుట్టుపక్కల పెద్దలు కాంగోవాళ్ల గురించి చెప్పుకునే మాటలు, మ్యూజియంలో పెట్టిన వస్తువులు - ఇవే ఆయనకు తెలిసిన కాంగో. కాబట్టి ఆ పుస్తకంలో ఆఫ్రికావాళ్లు తెలివితక్కువవాళ్లుగా, పెద్ద పెదవుల కీలుబొమ్మలుగా కనిపిస్తారు. జంతువుల సంగతి ఇంకా ఘోరం. టిన్‌టిన్ ఒక ఖడ్గమృగం చర్మానికి తొర్ర పెట్టి, అందులో డైనమైటు పెట్టి పేలుస్తాడు! ఒక చోట నల్లపిల్లలకు పాఠం చెబుతూ, "మీ దేశం బెల్జియం" అంటాడు.

ఈ మాటలు దాచడం నాకు ఇష్టం లేదు. 1946లో ఆ పుస్తకాన్ని రంగుల్లో మళ్లీ గీసినప్పుడు, బెల్జియం పాఠం తీసేసి లెక్కల పాఠం పెట్టాడు. ఖడ్గమృగం దృశ్యాన్ని చాలా ఏళ్ల తరువాత, స్కాండినేవియా ప్రచురణకర్తలు అభ్యంతరం చెప్పాక మార్చాడు. మనుషుల బొమ్మలు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయాయి. ఆనాటి దురభిప్రాయాలే తనకూ ఉండేవని తరువాత ఒప్పుకున్నాడు. సైకిలును తప్పుగా గీస్తే సైకిలు బాధపడదు. మనిషిని తప్పుగా గీస్తే ఆ మనిషికీ, వాడి పిల్లలకూ కూడా నొప్పి కలుగుతుంది.

చైనా విద్యార్థి

1934లో ఎర్జే, ఈసారి టిన్‌టిన్ చైనాకు వెళతాడని పత్రికలో ప్రకటించాడు. అది చదివిన ఒక క్రైస్తవ గురువు ఆయనకు ఉత్తరం రాశాడు. లూవెన్ విశ్వవిద్యాలయంలో చదివే చైనా విద్యార్థుల బాగోగులు చూసేవాడాయన. పొడవాటి జడలు, వంకర కళ్లు, క్రూరులైన చైనావాళ్లు - ఇలాంటి కథ రాయవద్దనీ, రాసే ముందు అసలు చైనావాళ్లతో మాట్లాడమనీ కోరాడు.

ఎర్జే ఆ మాట విన్నాడు. ఆ పరిచయం వల్ల బ్రస్సెల్స్‌లో శిల్పకళ చదువుతున్న చాంగ్ చోంగ్‌రెన్ అనే షాంఘై యువకుణ్ణి కలుసుకున్నాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఇద్దరూ 1907లోనే పుట్టారు. వారం వారం కలుసుకుని గంటల తరబడి మాట్లాడుకునేవారు. చాంగ్ ఆయనకు చైనా చరిత్ర చెప్పాడు, కుంచె పట్టే తీరు చూపించాడు. ఒక చెట్టును గీసే ముందు ఆ చెట్టును చూడాలని నేర్పాడు.

ఆ స్నేహం వల్ల పుట్టిన కథ 'నీలి తామర'. అందులో షాంఘై వీధుల్లోని ప్రతి సైనుబోర్డూ, ప్రతి గోడరాతా నిజమైన చైనా లిపిలో ఉంటుంది. చాలా రాతలు చాంగ్ చేత్తో రాసినవే. 1931 సెప్టెంబరులో ముక్దెన్ దగ్గర రైలుపట్టాల మీద జరిగిన పేలుడును సాకుగా పెట్టుకుని జపాను సైన్యం మంచూరియాను ఎలా ఆక్రమించిందో కూడా కథలో వచ్చింది. జపాను దౌత్యాధికారులకు అది కోపం తెప్పించింది. కథలో చాంగ్ అనే అనాథ బాలుడు ఉంటాడు. వరదలో కొట్టుకుపోతున్న ఆ బాలుణ్ణి టిన్‌టిన్ కాపాడతాడు. తరువాత ఇద్దరూ కూర్చుని, యూరపువాళ్లు చైనావాళ్ల గురించీ, చైనావాళ్లు యూరపువాళ్ల గురించీ నమ్మే పిచ్చి నమ్మకాలు చెప్పుకుని పడీ పడీ నవ్వుతారు. మూడు నాలుగేళ్ల కిందట కాంగో కథ గీసిన చేయే ఇదీ గీసింది!

1935లో చాంగ్ చైనాకు తిరిగి వెళ్లిపోయాడు. కొద్దికాలానికే యుద్ధాలు వచ్చిపడ్డాయి. ఉత్తరాలు ఆగిపోయాయి.

బల్ల దగ్గర పని

ఇక అప్పటి నుంచి ఎర్జే పని తీరే మారిపోయింది. పత్రికల నుంచి ఫొటోలు కత్తిరించి కట్టలు కట్టి దాచేవాడు. ఓడలు, విమానాలు, తుపాకులు, తలపాగాలు, తలుపు గొళ్లేలు - దేనికి దానికి వేరే కట్ట. కథలో కారు వస్తే అది నిజంగా ఏదో ఒక కంపెనీ తయారుచేసిన కారే అయి ఉండాలి.

బొమ్మ ఎలా వేసేవాడో చెబుతాను. ముందు పెన్సిలుతో చిత్తుబొమ్మ. పరుగెత్తే మనిషి కాలు ఒక్కదానికే పది గీతలు పడేవి. గీసి, చెరిపి, మళ్లీ గీసి, ఒక్కోసారి కాగితం చిరిగేదాకా వచ్చేది. ఆ గీతల చిక్కులో సరైన గీత ఏదో ఏరుకుని, దాన్ని మరో కాగితం మీదకు దింపి, సిరాతో దిద్దేవాడు. రంగులు అసలు బొమ్మ మీద కాదు, అచ్చు తీసిన వేరే ప్రతి మీద వేసేవారు. గీత అంతా ఒకే మందం. నీడల కోసం అడ్డగీతలు లేవు. రంగు ఎక్కడికక్కడ ఒకే చిక్కదనం. ఈ పద్ధతికి 1977లో డచ్చి చిత్రకారుడు యూస్ట్ స్వార్టె 'స్పష్టరేఖ' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన జీవశాస్త్రం రికార్డులో పటం వేసేటప్పుడు కూడా ఇదే నియమం కదా! షేడింగు వద్దు, ఒకటే గీత గీయమని ఎందుకు అంటామనుకున్నారు? గీత స్పష్టంగా ఉంటే తప్పు దాక్కోవడానికి చోటు ఉండదు.

తప్పులు లేవని కాదు. స్కాట్లండులో జరిగే 'నల్ల దీవి' కథను ఇంగ్లండులో వేయబోతూ, అక్కడి ప్రచురణకర్తలు వెతికి 131 పొరపాట్లు పట్టుకుని జాబితా పంపారు. ఇంకొకరైతే కోపం తెచ్చుకునేవారేమో. ఎర్జే తన సహాయకుడు బాబ్ డి మోర్‌ను 1961లో స్కాట్లండుకు పంపించాడు. అతను రైళ్లు, పోలీసుల దుస్తులు, కోటలు చూసి గీసుకొచ్చాడు. పుస్తకం మొత్తం కొత్తగా గీసి 1966లో వేశారు.

ఆయన జీవితంలో ఇంకొక మచ్చ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బెల్జియాన్ని జర్మనీ ఆక్రమించినప్పుడు, జర్మన్ల అదుపులో ఉన్న పత్రికకు బొమ్మలు వేశాడు. యుద్ధం తరువాత అందుకు నిందపడ్డాడు. కొంతకాలం ఏ పత్రికలోనూ పనిచేయనివ్వలేదు.

పొడుగాటి ప్రొఫెసరు

టిన్‌టిన్ కథల్లో ప్రొఫెసర్ కాల్‌కులస్ అనే చెవిటి శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. ఆయనకు మూలం నిజమైన శాస్త్రజ్ఞుడే. స్విట్జర్లండుకు చెందిన అగస్ట్ పికార్డ్ బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించేవాడు. 1931 మే 27న గాలి చొరబడని అల్యూమినియం గోళంలో కూర్చుని, బెలూను సాయంతో 15,781 మీటర్ల ఎత్తుకు వెళ్లాడు. అక్కడ గాలి పీడనం భూమి మీద ఉన్నదానిలో పదో వంతు మాత్రమే. అంత ఎత్తుకు చేరిన మొదటి మనుషులు ఆయన, ఆయన సహాయకుడు కిఫర్. తరువాత అదే సూత్రాన్ని తలకిందులు చేసి, సముద్రం అడుక్కు దిగే వాహనం కూడా తయారుచేశాడు.

బ్రస్సెల్స్ వీధుల్లో ఎర్జే ఆయనను చూసేవాడు. సన్నగా, చాలా పొడుగ్గా, పొడవైన మెడతో నడిచేవాడు. మరి కాల్‌కులస్ పొట్టిగా ఎందుకున్నాడు? పికార్డ్‌ను ఉన్నంత ఎత్తు గీస్తే బొమ్మల గళ్లు సరిపోవట, అందుకని పొట్టిచేశాడట! 1943లో కాల్‌కులస్ మొదటిసారి కథలోకి వచ్చింది సొరచేప ఆకారంలో ఉన్న జలాంతర్గామితో.

ఇక చంద్రుడు

1950 మార్చి 30న చంద్రయానం కథ పత్రికలో మొదలైంది. ఏడేళ్ల తరువాత గానీ మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరలేదని గుర్తుంచుకోండి. ఎవరూ చూడని చోటును ఎలా గీయాలి? చైనా విషయంలో చేసిన పనే చేశాడు: తెలిసినవాళ్లను అడిగాడు. జంతుశాస్త్రజ్ఞుడైన మిత్రుడు బెర్నార్డ్ హెవెల్‌మన్స్ సాయం చేశాడు. పారిస్‌లో ఉండే అలెగ్జాండర్ అనానాఫ్ అంతరిక్షయానం గురించి అప్పుడే పెద్ద పుస్తకం రాశాడు. ఆయనకు ఉత్తరాలు రాసి సందేహాలు తీర్చుకున్నాడు. జర్మనీ యుద్ధంలో వాడిన వి-2 రాకెట్టు ఆకారాన్ని తీసుకుని, ఎరుపు, తెలుపు గళ్లు వేశాడు. తరువాత విడదీసి మళ్లీ బిగించగల రాకెట్టు నమూనా ఒకటి చేయించాడు. లోపల నిచ్చెన ఎక్కడ, పడకలు ఎక్కడ, మీటలు ఎక్కడ అన్నీ అందులో ఉన్నాయి. ఏ గదిని ఏ పక్క నుంచి గీసినా వస్తువులు స్థానం మారకూడదు కదా! ఆ నమూనాను పారిస్ తీసుకెళ్లి అనానాఫ్‌కు చూపించి, సరే అనిపించుకున్నాడు.

కథలో రాకెట్టు అణుశక్తి ఇంజనుతో నడుస్తుంది. దారి పొడుగునా ఇంజను ఆగదు. సగం దారిలో రాకెట్టు వెనక్కి తిరిగి, తోకను చంద్రుడి వైపు పెట్టి, వేగం తగ్గించుకుంటూ దిగుతుంది. దీనితో ఒక లెక్క చేద్దాం. త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు అనుకోండి. చంద్రుడి దూరం 3,84,400 కిలోమీటర్లు, సగం 1,92,200. దూరం అంటే త్వరణంలో సగాన్ని కాలం వర్గంతో గుణించినది, అంతే కదా! చేసి చూస్తే సగం దారికి సుమారు 6,260 సెకన్లు, అంటే గంటా నలభై నాలుగు నిమిషాలు వస్తుంది. మొత్తం ప్రయాణం మూడున్నర గంటలు. అపోలో-11 చంద్రుడి దగ్గరకు చేరడానికి మూడు రోజులు పట్టింది. ఎందుకు? అది కొద్ది నిమిషాలు ఇంజను మండించి, మిగతా దారంతా విసిరిన రాయిలా వెళ్లింది. మూడున్నర గంటల పాటు అలా తోయగల ఇంజను ఇప్పటికీ మన దగ్గర లేదు.

ఇంజను నడిచినంతసేపూ కథలోని మనుషులు నేల మీద నిలబడే ఉంటారు. ఒకచోట పొరపాటున ఇంజను ఆగిపోతుంది. వెంటనే అందరూ గాలిలో తేలుతారు. కెప్టెన్ హాడ్డాక్ గ్లాసులోని విస్కీ ఉండలా మారి, గదిలో తేలుతూ పోతుంది. ఆయన దాని వెంటపడతాడు. ఇక్కడ మా పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాను. తేలడం ఎందుకు? "అక్కడ గురుత్వాకర్షణ లేదు సార్" అని తరగతి అంతా ఒక్కసారే అంటుంది. తప్పు! భూమి ఆకర్షణ అక్కడా ఉంది. రాకెట్టు, మనిషి, విస్కీ అన్నీ ఒకే త్వరణంతో కదులుతున్నాయి. నేల మనిషి కాళ్లను నెట్టడం లేదు. అందుకే బరువు తెలియదు. మరి ద్రవం ఉండ ఎందుకయింది? తలతన్యత వల్ల. ఈ బొమ్మ చూపించాక ఆ పాఠం మళ్లీ చెప్పవలసిన పని పడదు.

కథలో కెప్టెను రాకెట్టు బయటకు వెళ్లి, అడోనిస్ అనే గ్రహశకలం చుట్టూ తిరగడం మొదలుపెడతాడు. అడోనిస్ కల్పన కాదు. 1936లో బ్రస్సెల్స్ దగ్గరి యూకిల్ వేధశాల నుంచి డెల్‌పోర్ట్ అనే బెల్జియం ఖగోళశాస్త్రజ్ఞుడు దాన్ని కనుగొన్నాడు. కాని దాని అడ్డుకొలత ఒక కిలోమీటరు కూడా లేదు. అంత చిన్న రాయి మనిషిని పట్టి తిప్పుకోవాలంటే, అతను తాబేలులా కదలాలి. ఇది మాత్రం ఎర్జే కథ కోసం చేసిన చిలిపి పని.

కథ మధ్యలో అసలు ఇబ్బంది వచ్చింది. వారం వారం పేజీలు ఇవ్వాలి; ప్రతి పేజీకీ ఇంత వెతుకులాట. ఎర్జే మనసు, ఒళ్లు రెండూ అలసిపోయాయి. 1950 సెప్టెంబరులో కథ ఆగిపోయింది. ఏడాదిన్నర పాటు పాఠకులు ఎదురుచూశారు! ఆ మధ్యలో ఆయన సహాయకులతో ఒక స్టూడియో ఏర్పాటు చేసుకున్నాడు. యంత్రాలు, చంద్రుడి నేల గీయడంలో బాబ్ డి మోర్ చేయి ఎక్కువ. మనుషుల కదలికలు మాత్రం ఎర్జేవే. భంగిమలు సరిగా రావడానికి స్టూడియోలో ఒకరికొకరు నిలబడి, వంగి, పడిపోయి చూపించేవారు. 1952 ఏప్రిల్‌లో కథ మళ్లీ మొదలై 1953 చివర ముగిసింది. రెండు పుస్తకాలుగా వచ్చింది.

ఏది నిజమైంది?

నల్లటి ఆకాశం, మిణుకుమనని నక్షత్రాలు, గాలి లేకపోవడం వల్ల కత్తితో కోసినట్టున్న నీడలు, ఆరో వంతు బరువుతో కెప్టెను వేసే గెంతులు - అన్నీ సరిగానే ఉన్నాయి. కొండలను మాత్రం నిటారుగా, మొనదేలి ఉన్నట్టు గీశాడు. నిజానికి కోట్ల ఏళ్లుగా పడుతున్న ఉల్కలు, చిన్న రేణువులు చంద్రుడి కొండలను అరగదీశాయి. అవి గుండ్రంగా ఉంటాయి. అపోలో ఫొటోలు వచ్చాకే ఆ సంగతి అందరికీ తెలిసింది. రాకెట్టు మొత్తం తోక మీద నిలబడి దిగడం చూసి చాలా ఏళ్లు నవ్వుకున్నారు. 2015 డిసెంబరులో ఫాల్కన్-9 రాకెట్టు మొదటి దశ కక్ష్యాప్రయోగం తరువాత తిరిగి వచ్చి భూమి మీద అలాగే నిలబడి దిగింది!

అన్నిటికంటే చిత్రం ఇది. కథలో టిన్‌టిన్ చంద్రుడి మీద ఒక గుహలో మంచుగడ్డ మీద కాలు జారతాడు. చంద్రుడు ఎండిపోయిన రాయి అని నమ్మిన రోజుల్లో అది హాస్యంగా ఉండేది. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1 మోసుకెళ్లిన పరికరం చంద్రుడి నేల మీద నీటి జాడలు పట్టుకుంది. దాని కొలతలను పరిశీలించే, ధ్రువాల దగ్గర ఎన్నడూ ఎండ పడని గోతుల్లో మంచుగడ్డ ఉందని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అలాగని ఎర్జే ముందే కనిపెట్టాడని చెప్పుకోకూడదు. ఆయన రాకెట్టు దిగిన హిపార్కస్ బిలం ధ్రువం దగ్గర లేదు, చంద్రుడి మధ్యరేఖకు దగ్గరలో ఉంది. అది ఒక ఊహ, సగం తగిలింది.

1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద దిగినప్పుడు ఎర్జే ఒక బొమ్మ వేశాడు. నిచ్చెన దిగి వస్తున్న ఆర్మ్‌స్ట్రాంగ్‌కు టిన్‌టిన్ పూలగుత్తి పట్టుకుని స్వాగతం చెబుతుంటాడు. ముందుగా వచ్చినవాళ్లు వెనుక వచ్చినవాళ్లకు స్వాగతం చెప్పాలి కదా!

మరి చాంగ్ ఏమయ్యాడు? ఏళ్ల తరబడి జాడ తెలియలేదు. 1958లో ఎర్జే, టిన్‌టిన్‌ను టిబెట్టు మంచుకొండల్లోకి పంపాడు. ఆ కథలో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. చాంగ్ ఉన్న విమానం కూలిపోయింది. అందరూ చనిపోయాడంటున్నా నమ్మకుండా టిన్‌టిన్ స్నేహితుణ్ణి వెతుకుతాడు. అంతే కథ. 1981 మార్చిలో అసలు చాంగ్ బ్రస్సెల్స్ విమానాశ్రయంలో దిగాడు. విడిపోయి 46 ఏళ్లు అయింది. ఇద్దరికీ 73 ఏళ్లు. ఎర్జే అప్పటికే జబ్బుతో ఉన్నాడు. 1983 మార్చి 3న చనిపోయాడు. శిల్పి అయిన చాంగ్ ఎర్జే తల విగ్రహాన్ని మలిచాడు. అది ఫ్రాన్సులో, బొమ్మల కథల ఉత్సవానికి పేరుపడ్డ అంగులేమ్ పట్టణంలో, ఒక వీధిలో ఉంది.